మోదుగ పువ్వును పుస్తకంలోంచి కోయకండి

పాత పుస్తకాలు, పటాలు, తాళపత్రాలు వేలం వేసే సంస్థల నిర్వాహకులకు, ఆ వేలాల్లో పాడే తెలుగువాళ్లకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

మీ ఆన్‌లైన్ కేటలాగుల్లో ఒక రకం లాటు, అంటే ఒక్క పాటగా అమ్మే సరుకు, తరచూ కనిపిస్తుంటుంది. చేత్తో రంగులద్దిన మొక్క బొమ్మ, పెద్ద సైజు కాగితం, పద్దెనిమిదో శతాబ్దం చివరిది, కోరమాండల్ తీరం, కొత్త ఫ్రేము. ఒక్కోసారి అలాంటివే వరసగా అరడజను. అంచనా ధర రాస్తారు, ఫ్రేము కొలతలు రాస్తారు, ఏ మూల ఎంత మచ్చ ఉందో కూడా రాస్తారు. ఆ బొమ్మ ఏ ప్రతిలోంచి వచ్చింది, ఎవరు కోశారు, మిగతా పుస్తకం ఏమైంది అన్నది మాత్రం ఎక్కడా ఉండదు. నేను రాస్తున్నది ఆ రాయని వాక్యం గురించే.

ఆ బొమ్మ ఏ పుస్తకంలోదో మీకు తెలియక కాదు. స్కాట్లండు వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్ ఈస్టిండియా కంపెనీ కొలువులో 1781 నుంచి మా సామర్లకోటలో ఉన్నాడు. మిరియాలు, నీలిమందు, చెరకు పండించే ప్రయోగాలు చేస్తూనే, చుట్టుపక్కల దొరికిన మొక్కలను ఇక్కడి చిత్రకారుల చేత గీయించాడు. 1793లో కలకత్తాలోని కంపెనీ వృక్షశాస్త్ర తోటకు అధిపతిగా వెళ్లిపోయాడు. ఆ బొమ్మల్లోంచి ఏరినవి 'ప్లాంట్స్ ఆఫ్ ద కోస్ట్ ఆఫ్ కోరమాండల్' పేరుతో లండన్‌లో 1795 నుంచి 1820 దాకా విడతలవారీగా అచ్చయ్యాయి. మూడు సంపుటాలు, సంపుటానికి వంద చొప్పున మూడు వందల బొమ్మలు. గీసిన వాళ్ల పేర్లు అందులో లేవు. దొర పేరే ఉంది, దాని సంగతి ఇంకోసారి.

కానీ ఆ పుస్తకంలో బొమ్మలొక్కటే లేవు. ప్రతి మొక్కకూ వచనం ఉంది. ఎక్కడ పెరుగుతుంది, ఎప్పుడు పూస్తుంది, జనం దేనికి వాడతారు, తెలుగువాళ్లు ఏమని పిలుస్తారు అన్నీ అందులోనే. మోదుగ బొమ్మ తీసుకోండి. ఎర్రటి పూలు, మూడేసి ఆకులు, చూడగానే గుర్తుపడతాం. దాని జిగురు ఎలా కారుతుందో, పూలతో రంగు ఎలా తీస్తారో ఉన్నది వచనంలో. సోమిద చెట్టు బెరడు జ్వరానికి పనికొస్తుందని, సింకోనాకు బదులు వాడి చూడొచ్చని వాదించిందీ వచనంలోనే. గోడకు ఎక్కేది బొమ్మ. వచనానికి రంగుల్లేవు కనుక ఫ్రేము కట్టేవాడు లేడు. కోసినవాడు ఆ కాగితాలను ఏం చేశాడో ఊహించడానికి పెద్ద తెలివి అక్కర్లేదు.

పాట్రిక్ రసెల్ పుస్తకాలదీ ఇదే గతి. విశాఖపట్నంలో ఉండి, 1785 నుంచి కంపెనీకి ప్రకృతి శాస్త్రజ్ఞుడిగా పనిచేసిన మనిషి. కోరమాండల్ తీరం పాముల మీద 1796లో ఒక పుస్తకం, విశాఖలో సేకరించిన రెండు వందల చేపల మీద 1803లో మరో పుస్తకం తెచ్చాడు. ఇప్పుడు ప్రపంచమంతా ఆయన పేరుతో పిలిచే రక్తపింజరిని ఆయన తన పుస్తకంలో 'కాటుక రేకుల పొడ' అని ఇక్కడి పేరుతోనే రాసుకున్నాడు. కట్లపాముల జాతికి శాస్త్రం పెట్టిన పేరు, బంగారస్, ఆయన వినిరాసుకున్న 'బంగారు పాము' నుంచే వచ్చింది. ఆ పేర్లు ఎవరి నోట విన్నాడు, ఏ పామును ఎక్కడ పట్టి తెచ్చారు, కోడి మీద, కుక్క మీద విషం ఎలా పనిచేసింది, ఇదంతా బొమ్మ పక్క పుటల్లో ఉంది. విడి బొమ్మ కొన్నవాళ్లకు దక్కేది ఒక అందమైన పాము.

ఎందుకు కోస్తారో నాకు అర్థం కాకపోలేదు. పుస్తకం మొత్తంగా కొనగలిగేవాళ్లు ఏ ఊళ్లోనైనా వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. ఒక్క బొమ్మ కొనగలిగేవాళ్లు వేలల్లో ఉంటారు. పైగా నాలుగు బొమ్మలు పోయిన ప్రతికి వేలంలో ధర దారుణంగా పడిపోతుంది, అప్పుడు దాన్ని కొనేది చదివేవాడు కాదు, కత్తి ఉన్నవాడు. మీ భాషలో వాళ్లను బ్రేకర్లు అంటారు. మీరు కత్తి పట్టకపోవచ్చు. కానీ 'లోపాలున్నది, వాపసు తీసుకోబడదు' అని ఒక సంపుటాన్ని ఈ సీజన్‌లో అమ్మి, వచ్చే సీజన్‌లో అందులోని బొమ్మలే ఫ్రేముల్లో తిరిగివస్తే మళ్లీ వేలం వేసి, రెండుసార్లూ కమిషన్ తీసుకుంటున్నది మీరే.

దీన్ని సమర్థించుకోవడం కూడా కొత్త కాదు. అమెరికాలో క్లీవ్‌లాండ్‌కు చెందిన ఆటో ఈజీ అనే కళాబోధకుడు మధ్యయుగపు చేతిరాత గ్రంథాలను ఆకు ఆకుగా విడదీశాడు, ఒక్కో పెట్టెలో యాభై రకాల ఆకులు పెట్టి అమ్మించాడు. గ్రంథం కొనలేని సామాన్యుడికీ ఒక ఆకు చేతికందుతుంది కదా అన్నది ఆయన వాదం, 1938లో ఒక పత్రికలో బాహాటంగానే రాశాడు. 1951లో ఆయన పోయాడు. ఆయన విడదీసిన ఆకులు ఏ కాలేజీలో, ఎవరి అలమరలో ఉన్నాయో వెతికి, ఫొటోలు తీసి, కంప్యూటర్ తెర మీద మళ్లీ వరసలో పెట్టడం ఇవాళ కొందరు పండితులకు జీవితకాలపు పనైంది.

షా తహ్మాస్ప్ షానామా సంగతి ఇంకా చోద్యం. పారశీక రాజుల కథల కావ్యం షానామాకు పదహారో శతాబ్దంలో ఇరాన్ పాదుషా తహ్మాస్ప్ ఆస్థానంలో తయారైన చేతిరాత గ్రంథం, 258 చిత్రాలు. 1959లో దాన్ని కొన్న ఆర్థర్ హౌటన్ ఎవరనుకున్నారు? హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి అరుదైన పుస్తకాల గ్రంథాలయం కట్టించి ఇచ్చిన దాత, ఆ గ్రంథాలయానికి ఇవాళ్టికీ ఆయన పేరే. ఆ మనిషే దీన్ని విప్పించాడు. 78 చిత్రాలు న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియానికి ఇచ్చాడు, 1976లో ఏడు ఆకులు లండన్‌లో వేలానికి పెట్టాడు, తర్వాత మరికొన్ని అమ్మాడు. ఆయన చనిపోయాక మిగిలిన 118 చిత్రాలు, రాత ఉన్న ఆకులు, అట్టలు 1994లో వియన్నా విమానాశ్రయంలో చేతులు మారాయి. ఇరాన్ వాటిని తీసుకుని, బదులుగా టెహ్రాన్ మ్యూజియంలోని, అమెరికా చిత్రకారుడు డి కూనింగ్ గీసిన నగ్నచిత్రాన్ని ఇచ్చింది. 2022లో అదే గ్రంథంలోని ఒక్క ఆకు లండన్‌లో ఎనభై లక్షల పౌండ్లు దాటి పలికింది. ఆ ధరను మీరంతా గర్వంగా చెప్పుకున్నారు. ఆ ఆకు వెనకా ముందూ ఉండాల్సిన ఆకులు ఏ ఖండంలో ఉన్నాయన్నది ఎవరికీ వార్త కాలేదు.

విడి కాగితాల బజారు దొంగలకు కూడా మహా అనుకూలం. 2005 జూన్‌లో యేల్ విశ్వవిద్యాలయపు బైనకీ గ్రంథాలయంలో నేల మీద ఒక చిన్న కత్తి బ్లేడు పడి ఉండడం అక్కడి ఉద్యోగిని కంటపడింది. ఆ బ్లేడు తాలూకు మనిషి ఫోర్బ్స్ స్మైలీ, పేరున్న పాత దేశపటాల (మ్యాపుల) వ్యాపారి. అరెస్టయ్యాక మొత్తం 97 పటాలు దొంగిలించానని ఒప్పుకున్నాడు. ఎన్నో ఏళ్లు దొరక్కుండా ఎలా అమ్మగలిగాడు? పుస్తకానికి అట్ట ఉంటుంది, ముద్ర ఉంటుంది, అలమర నంబరు ఉంటుంది, పాత యజమాని సంతకం ఉంటుంది. కోసిన పటానికి అవేవీ ఉండవు. ఎక్కడిదని ఎవరూ అడగని చోట అడ్డగోలు సరుకు తేలిగ్గా కలిసిపోతుంది.

ఇక్కడ మీ గాజు సామాన్ల విభాగాన్ని ఒక్క నిమిషం మెచ్చుకోవాలి. పాత డికాంటరు, అంటే వైన్ పోసే గాజు సీసా, అమ్మేటప్పుడు మీవాళ్లు మూత తీసి దాని అడుగున గీసిన అంకె చూస్తారు, సీసా మెడ దగ్గర గీసిన అంకె చూస్తారు. రెండూ ఒకటైతే అదే మూత అని రాస్తారు, కాకపోతే మూత వేరేదని నిజాయితీగా రాస్తారు, ధర తగ్గిస్తారు. చిటికెన వేలంత మూత మీద ఇంత శ్రద్ధ పెట్టే సంస్థకు, మూడు వందల బొమ్మల పుస్తకంలో ఎన్ని మిగిలాయో లెక్కపెట్టి చెప్పడం కష్టమా?

పటాల విషయంలో కొంత నయం. 1570లో ఆంట్వెర్ప్‌లో తొలిసారి వచ్చిన, ఓర్టీలియస్ అనే పటకర్త కూర్చిన అట్లాసులో ప్రతి పటం వెనకా వచనం ఉంటుంది. అది లాటినా, డచ్చా, ఫ్రెంచా అన్నదాన్ని బట్టీ, కింది పుట సంఖ్యను బట్టీ ఏ ముద్రణలోదో చెప్పొచ్చు. అంటే కోసినా కొంత కథ వెంట వస్తుంది. కాబట్టి గోల్కొండ, మచిలీపట్నం ఉన్న పాత పటాలు కొనే మనవాళ్లకు ఒక మాట: ఫ్రేములో ఉన్న పటం కొనే ముందు వెనక వైపు ఫొటో అడగండి. మధ్య మడత వెంట వెనకాల అంటించిన కాగితపు పట్టీ, లేదా అది ఊడిన జాడ కనిపిస్తే అది అట్లాసులోంచి వచ్చిందని అర్థం. ఆకుపచ్చ రంగు ఉన్న చోట వెనక వైపు గోధుమరంగు డాగు దిగి ఉందేమో చూడండి. పాత పచ్చ రాగి చిలుముతో చేసేది, కాలం గడిచేకొద్దీ కాగితాన్ని తినేస్తుంది, డాగు వెనక్కి కొడుతుంది. ముందు పచ్చగా కళకళలాడుతూ వెనక తెల్లగా ఉంటే ఆ రంగు ఈమధ్య ఎవరో వేసిందే అయ్యే అవకాశం ఎక్కువ. నలుపు తెలుపు బొమ్మకు రంగులేస్తే తొందరగా అమ్ముడుపోతుందని బజారుకు తెలుసు.

అసలు నా కడుపుమంట తాటాకుల దగ్గర.

ఈమధ్య విదేశంలో జరిగిన ఒక వేలం కేటలాగులో 'దక్షిణ భారత మంత్ర గ్రంథపు ఆకులు' అని కొన్ని లాట్లు వచ్చాయి. ఒక్కో లాటుకు రెండేసి తాటాకులు, నల్లటి మఖమల్ గుడ్డ మీద అతికించి, అద్దం బిగించి. ఫొటోను పెద్దది చేసి చూశాను. తెలుగు లిపి, మాటల మధ్య ఖాళీ లేకుండా పాతకాలపు రాత, వలపలగిలకలు (పొల్లు 'ర'ను చూపే పాత గుర్తులు) నిండుగా. ఎడమ అంచున తెలుగు అంకెలు. ఒక లాటులో ౪౧, ౪౨. ఇంకో లాటులో ౪౭, ౪౮. మధ్యవి ఎక్కడా లేవు. అందులో మంత్రం కూడా లేదు, అది వైద్యం. శొంఠి, పిప్పళ్లు, మిరియాలు సమంగా తీసుకుని నూరి, ఇంకేదో పసరులో మూడు పూటలు నానబెట్టి అన్నంతవరకూ ౪౨లో ఉంది, అక్కడితో ఈ వైపు అయిపోయింది. ఏ రోగానికో దాని వెనక వైపునో ౪౩లోనో ఉండాలి. తాటాకుకు రెండు వైపులా రాస్తారని తెలిసినవాడెవడూ దాన్ని గుడ్డకు అతికించడు. వెనక వైపు రాత జిగురు కింద ఉంది. మిగతా ఆకుల సంగతి అడుగుతూ సంస్థకు రాస్తే, అమ్మకందారు వివరాలు గోప్యమని మర్యాదగా జవాబొచ్చింది. నేనడిగింది అమ్మకందారు పేరు కాదు.

తాళపత్ర గ్రంథం చివర లేఖకులు ఒక శ్లోకం రాసేవారు, చాలా ప్రతుల్లో కనిపిస్తుంది:

తైలాద్రక్షేజ్జలాద్రక్షేద్రక్షేచ్ఛిథిలబంధనాత్
మూర్ఖహస్తే న దాతవ్యమేవం వదతి పుస్తకమ్

నన్ను నూనె నుంచి కాపాడు, నీళ్ల నుంచి కాపాడు, కట్టు వదులవకుండా కాపాడు, మూర్ఖుడి చేతికి ఇవ్వకు అని పుస్తకమే మొరపెట్టుకుంటుంది. నూనె, నీళ్ల విషయంలో మీ గోడౌన్లు భేషుగ్గా ఉంటాయి. మూడోదాని దగ్గరే పేచీ. ఈ శ్లోకం ఉండేది ఆఖరి ఆకు మీద. రాసినవాడి పేరు, ఊరు, సంవత్సరం పేరు, ఎవరి కోసం రాశాడో కూడా సాధారణంగా అక్కడే. కట్ట విప్పి విడి ఆకులుగా అమ్మితే మొట్టమొదట అనాథ అయ్యేది ఆ ఆకే.

'అసంపూర్ణం' అని మీరు చవగ్గా తీసిపారేసే కట్టలకు విలువ లేదనుకోవడమూ పొరపాటే. సి.పి. బ్రౌన్ తెలుగు కావ్యాలు పరిష్కరించిన పద్ధతి చూడండి. ఒక కావ్యానికి దొరికినన్ని ప్రతులు తెప్పించి, పండితులను జీతాలిచ్చి కూర్చోబెట్టి, పద్యం పద్యం పోల్చి చూసి శుద్ధప్రతి రాయించేవాడు. ఒకదాంట్లో చెద తిన్న పాదం ఇంకోదాంట్లో దొరికేది. సగం పోయిన కట్టయినా మిగతా సగం వరసలో ఉంటే పండితుడికి పనికొస్తుంది. నలభై ఇళ్ల గోడల మీదికి చేరితే ఎవరికీ పనికిరాదు.

చట్టం సంగతి మీ న్యాయవాదులకు తెలిసే ఉంటుంది, తెలుగు పాఠకుల కోసం చెబుతున్నాను. 1972 నాటి పురావస్తువుల చట్టం 1976 ఏప్రిల్ 5 నుంచి అమల్లో ఉంది. మామూలు వస్తువైతే వందేళ్లు, చారిత్రక, సాహిత్య, శాస్త్రీయ విలువున్న చేతిరాత ప్రతులకైతే డెబ్బై అయిదేళ్లు దాటితే పురావస్తువు. ప్రైవేటు వ్యక్తులు దాన్ని దేశం దాటించడానికి వీల్లేదు. అంతకుముందు కూడా 1947 నాటి ఎగుమతి నియంత్రణ చట్టం ఉండేది. కాబట్టి లండన్‌లోనో న్యూయార్క్‌లోనో తెలుగు తాళపత్రం వేలానికి వచ్చిందంటే అది ఎప్పుడు, ఎవరి ద్వారా ఇండియా దాటింది అన్నది కుతూహలం కొద్దీ అడిగే ప్రశ్న కాదు. 'పాత యూరోపియన్ సేకరణ నుంచి' అని ఒక్క ముక్క రాస్తే అది జవాబూ కాదు. పట్టుదలగా అడిగితే వస్తువులు ఇల్లు చేరతాయని 2025లోనే చూశాం. పిప్రహ్వా బౌద్ధ స్తూపంలో దొరికిన రత్నాల వేలాన్ని హాంకాంగ్‌లో మన ప్రభుత్వం లీగల్ నోటీసిచ్చి ఆపించింది, కొద్ది నెలల్లోనే అవి స్వదేశానికి వచ్చాయి. బుద్ధుడి పేరు ముడిపడి ఉంది కనుక దేశమంతా కదిలింది. శొంఠి, పిప్పళ్ల కోసం ఎవరు కదులుతారు?

ఇంతకీ మిమ్మల్ని అడిగేది కొండంత కాదు. లాటు వివరాల్లో పుస్తకానికి ఎన్ని పుటలు, ఎన్ని బొమ్మలు ఉండాలో, ఎన్ని ఉన్నాయో రాయండి. విడి బొమ్మ అయితే ఏ ప్రతి నుంచి, ఎప్పుడు విడిపోయిందో రాయండి, మీకు తెలియకపోతే తెలియదనే రాయండి. ఇప్పటికి కుట్టుతో నిలిచి ఉన్న పుస్తకాన్ని విడి బొమ్మలుగా అమ్మడానికి ఎవరైనా తెస్తే తీసుకోకండి. తాళపత్రమైతే కట్ట మొత్తం ఒకే లాటు. అమ్మే ముందు అన్ని ఆకులూ రెండు వైపులా ఫొటోలు తీసి, ఏదైనా గ్రంథాలయానికి ఆ ఫొటోలు ఇవ్వండి. కొన్నవాడి హక్కుకు దానివల్ల వచ్చే నష్టం ఏమీ లేదు. తెలుగు చదివేవాళ్లు కావాలంటే హైదరాబాదులోనూ తిరుపతిలోనూ ప్రాచ్య లిఖిత గ్రంథాల మీదే పనిచేసే సంస్థలున్నాయి, అడిగితే అది మంత్రమో వైద్యమో ఒక్క పూటలో చెబుతారు.

వరదలో తడిసి, అట్టలు ఊడి, నిజంగానే తునాతునకలైన పుస్తకంలోని ఆకులూ ఉంటాయి. వాటిని అమ్మొద్దని నేననను. నా దగ్గరా అలాంటివి రెండు మూడు ఉన్నాయి. వాటి సంగతేదో రాసి అమ్మండి, చాలు.

ఇక మనవాళ్లకు. హైదరాబాదులో కొత్త విల్లా కట్టుకున్నవాళ్లకు, డాలస్‌లో హాలు గోడ మీద మన ఊరి జ్ఞాపకం ఏదైనా ఉండాలనుకునేవాళ్లకు రాక్స్‌బర్గ్ మోదుగ మీద మనసు పోవడంలో తప్పేం లేదు, నాకూ పోతుంది. ఆ పుస్తకం పుటలన్నీ స్కాన్ చేసి గ్రంథాలయాలు నెట్‌లో ఉచితంగానే పెట్టాయి. మంచి కాగితం మీద, బొమ్మనూ వచనాన్నీ పక్కపక్కన ప్రింటు వేయించి ఫ్రేము కట్టించుకోండి. అసలుదే కావాలంటే, పాట మొదలయ్యే ముందు సంస్థకు ఒక్క మెయిలు పెట్టండి: మిగతా 299 ఎక్కడున్నాయి? జవాబు రాకపోతే పాడకండి. అమ్ముడుపోక మిగిలిపోయిన లాటు చేసే పని నాలాంటివాళ్లు రాసే ఉత్తరాలు చెయ్యలేవు.

తాతగారి పెట్టెలో తాటాకుల కట్ట దొరికితే మాత్రం వేలం దాకా ఎందుకు. దేశంలో కోటికి పైగా చేతిరాత ప్రతులను సర్వే చేసి భద్రపరచడానికి జ్ఞానభారతం పేరుతో ఒక కార్యక్రమాన్ని 2025-26 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించారు. దగ్గర్లోని ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో చూపించి, స్కాన్ చేయించుకుని, కట్టను ఇంటికే తెచ్చుకుంటామని అడగండి. కట్టను వాళ్లకే ఇచ్చేస్తే సంతోషం, ఇవ్వాలని బలవంతం లేదు. ఆలోగా ఆ తాడు విప్పకండి, దండ గుచ్చినట్టు వరస మార్చి మళ్లీ కట్టకండి, పాత గుడ్డ పీలికైపోతే ఉతికిన నూలు గుడ్డ చుట్టండి. ప్లాస్టిక్ సంచి వద్దు.

నిర్వాహకులకు చివరగా: ఇదే ఉత్తరాన్ని ఇంగ్లీషులో మీ పుస్తకాల విభాగాలకు పంపుతున్నాను. తెలుగులో ఎందుకంటే మీ ఆన్‌లైన్ వేలాల్లో ఇప్పుడు తెలుగువాళ్లు బాగానే పాడుతున్నారు, ఈ ప్రశ్నలు ఇకమీదట వాళ్ల దగ్గర్నుంచీ వస్తాయి. వైద్యగ్రంథంలోని ౪౩ నుంచి ౪౬ దాకా ఆకులు మీలో ఎవరి గోడౌన్‌లోనైనా ఉంటే, అద్దం బిగించే లోపు దయచేసి రెండు వైపులా ఫొటో తీసి పెట్టండి.

ఇట్లు
మీ వేలాల్లో అప్పుడప్పుడూ పాడే
ఒక తెలుగు సేకర్త